నెట్ లేకుండా పక్క ఫోన్‌తో చాటింగ్: కాగజ్‌నగర్‌లో ఇది ఎంతవరకు పనికొస్తుంది?

పక్క బెంచీలో కూర్చున్న ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో "టీకి పోదామా" అని పెట్టారనుకోండి. ఆ మెసేజ్ ముందు టవర్‌కి పోతుంది. అక్కడి నుంచి ఫైబర్ మీద ఎక్కడో ఉన్న సర్వర్‌కి పోయి, తిరిగి అదే టవర్ దగ్గరికి వచ్చి, అప్పుడు మీ ఫ్రెండ్ ఫోన్‌లో మోగుతుంది. మూడు అడుగుల దూరానికి వందల కిలోమీటర్ల ప్రయాణం! మధ్యలో ఎక్కడ తెగినా మెసేజ్ ఆగిపోతుంది. టవర్‌కి కరెంటు పోయినా, ఫైబర్ కట్ అయినా అంతే.

నిజానికి ఆ రెండు ఫోన్లలోనూ బ్లూటూత్ ఉంది, వైఫై ఉంది. అవి నేరుగా మాట్లాడుకోగలవు. ఈ డైరెక్ట్ కనెక్షన్ల మీదే చాటింగ్, గ్రూపులు, పోస్టులు నడపడాన్ని లోకల్ సోషల్ నెట్‌వర్కింగ్ అనొచ్చు. 2025లో బిట్‌చాట్ వచ్చాక దీని గురించి మళ్లీ చర్చ మొదలైంది. అసలు ఇది ఎలా పనిచేస్తుంది, మన కాగజ్‌నగర్ లాంటి ఊళ్లో ఏ పనికి వస్తుంది, ఎక్కడ నమ్మకూడదు అనేవి ఈ ఆర్టికల్‌లో లెక్కలతో సహా చూద్దాం.

మనకెందుకు ఇది?

కాగజ్‌నగర్ టౌన్‌లో ఉన్నంతసేపు నెట్‌కి పెద్ద ఇబ్బంది ఉండదు. బెజ్జూర్, పెంచికల్‌పేట వైపు అడవి దారి పట్టాక సిగ్నల్ గీతలు తగ్గడం మొదలవుతుంది. సిగ్నల్ అందని పల్లెలు దేశంలో ఇంకా ఉన్నాయి కాబట్టే, 2022 జులైలో కేంద్ర కేబినెట్ 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయల ప్రాజెక్టును ఓకే చేసి బీఎస్‌ఎన్‌ఎల్ చేతిలో పెట్టింది.

రెండో కారణం జనం. కెస్లాపూర్ నాగోబా జాతర లాంటి చోట టవర్ ఉన్నా, ఒకేసారి వేల ఫోన్లు దాని మీద పడితే మెసేజ్‌లు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి.

మూడోది షట్‌డౌన్. 2024 సెప్టెంబర్‌లో మన జిల్లాలోనే జైనూర్‌లో గొడవలు జరిగినప్పుడు ఆ ప్రాంతంలో ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటి రోజుల్లో ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉన్నారా అని వాట్సాప్‌లో అడగడానికి కూడా దారి ఉండదు.

మూడు పద్ధతులు, మూడూ వేర్వేరు

చాలామంది "నెట్ లేకుండా పనిచేసే యాప్" అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు. కాదు. ఇందులో మూడు రకాలున్నాయి. ఇది అర్థమైతే సగం సబ్జెక్ట్ వచ్చినట్టే.

1. ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా: ఇది మనకు ఎప్పటి నుంచో తెలుసు. నోకియా రోజుల్లో పాటలు బ్లూటూత్‌లో పంపుకున్నాం. తర్వాత షేర్‌ఇట్, జెండర్ వచ్చాయి. 2020 జూన్‌లో బ్యాన్ అయిన 59 చైనా యాప్‌లలో అవి కూడా పోయాయి. అదే ఏడాది గూగుల్ నియర్‌బై షేర్ తెచ్చింది. 2024 జనవరిలో దాన్ని శాంసంగ్ క్విక్ షేర్‌తో కలిపి ఒకే పేరు పెట్టారు. ఆపిల్‌లో అయితే 2011 నుంచే ఎయిర్‌డ్రాప్ ఉంది. ఇందులో మధ్యవర్తి ఎవరూ ఉండరు. ఇద్దరూ దగ్గర ఉండాలి, అంతే.

2. మెష్: ఇక్కడ మూడో ఫోన్ రంగంలోకి దిగుతుంది. నాకూ మీకూ మధ్య దూరం 50 మీటర్లు, మన బ్లూటూత్ అంత దూరం అందదు. కానీ మధ్యలో ఇంకొకరి ఫోన్‌లో అదే యాప్ ఉంటే, నా మెసేజ్‌ని అది అందుకుని మీకు పంపేస్తుంది. ఇలా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి దూకడాన్ని హాప్ అంటారు. ఫైర్‌చాట్, బ్రిడ్జ్‌ఫై, బిట్‌చాట్ ఈ రకం.

3. మోసుకెళ్లి అందించడం: మధ్యలో ఫోన్ల గొలుసు లేకపోయినా పర్లేదు. ఒక ఫోన్ మెసేజ్‌ని దాచుకుంటుంది. ఆ ఫోన్ ఉన్న మనిషి బస్సెక్కి ఇంకో ఊరికి పోతాడు. అక్కడ సరైన ఫోన్ కనపడగానే ఇచ్చేస్తుంది. పోస్ట్‌మన్ పని లాంటిదన్నమాట. బ్రయర్ యాప్‌లో గ్రూపులు, ఫోరమ్‌లు ఇలాగే ఒకరి నుంచి ఒకరికి సింక్ అవుతాయి. కాకపోతే ముక్కూ మొహం తెలియని ఫోన్లతో కాదు, మీరు కాంటాక్ట్‌గా యాడ్ చేసుకున్నవాళ్లతోనే.

రేంజ్ లెక్క: ఇక్కడే చాలామంది పొరపడతారు

"మెష్ ఉంటే ఊరంతా కవర్ అయిపోతుంది" అనే మాట వింటుంటాం. లెక్క వేసి చూద్దాం.

మామూలు ఫోన్ బ్లూటూత్ బయట, అడ్డం లేని చోట 30 మీటర్లు పట్టిందనుకుందాం. ఇంట్లో గోడలు, జనం మధ్య అయితే 10 మీటర్లకే ఆగిపోవచ్చు. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు. మన ఒంట్లో ఉన్న నీరు వాటిని బాగా పీల్చేస్తుంది. అందుకే ఫోన్ జేబులో ఉంటే ఒక రేంజ్, చేతిలో ఎత్తి పట్టుకుంటే ఇంకో రేంజ్.

బిట్‌చాట్‌లో ఒక మెసేజ్ గరిష్ఠంగా 7 హాప్‌లు పోతుంది. 7 × 30 = 210 మీటర్లు. అంటే ఒక పెద్ద వీధి. ఊరు మొత్తం కాదు! కిలోమీటర్ దాటాలంటే 30 మీటర్లకొకటి చొప్పున మధ్యలో 33 ఫోన్లు వరసగా నిలబడాలి, హాప్‌ల పరిమితి కూడా అంత ఉండాలి. రైల్వే స్టేషన్ దగ్గర కూర్చుని టౌన్ అవతలి చివరకి మెష్‌లో మెసేజ్ పంపడం అయ్యే పని కాదు.

మరి జాతరలో? 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 1,000 మంది ఉన్నారనుకోండి. 100 మందిలో ఒకరి దగ్గరే యాప్ ఉంటే మొత్తం 10 ఫోన్లు. ఒక్కో ఫోన్ వాటాకి 1,000 చదరపు మీటర్లు. అంటే ఫోన్ల మధ్య సగటు దూరం దాదాపు 32 మీటర్లు. అంత మంది జనం మధ్య లింకు దొరకడం కష్టమే. అదే 100 మందిలో 5 గురి దగ్గర ఉంటే 50 ఫోన్లు, మధ్య దూరం 14 మీటర్లు. ఇప్పుడు నెట్‌వర్క్ నిలబడే అవకాశం ఉంది.

కాబట్టి మెష్‌కి యాప్ ఎంత గొప్పదన్నది రెండో మాట. చుట్టుపక్కల ఎంతమంది వాడుతున్నారన్నది మొదటి మాట. కావాల్సిన రోజున డౌన్‌లోడ్ చేసుకుందాంలే అనుకుంటే ఆ రోజు ప్లే స్టోర్ ఓపెన్ అవ్వదు కదా!

వీడియోలు ఎందుకు పోవు?

మెష్‌లో ఒక ఫోన్ మెసేజ్ పంపితే, అందుకున్న ప్రతి ఫోన్ దాన్ని మళ్లీ పంపుతుంది. చూసిన మెసేజ్ ఐడీని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అదే మెసేజ్ రెండోసారి వస్తే వదిలేస్తుంది. అయినా 50 ఫోన్ల మెష్‌లో ఒక్క మెసేజ్ సుమారు 50 సార్లు గాలిలోకి వెళ్తుంది. 50 మందీ నిమిషానికి 10 మెసేజ్‌లు పెడితే? 500 × 50 = 25,000 ప్రసారాలు, ఒక్క నిమిషంలో. రెండు లైన్ల టెక్స్ట్ అయితే తట్టుకుంటుంది. రీల్స్ మొదలుపెడితే అందరి బ్యాటరీ, అందరి లింకు పడిపోతాయి.

పెద్ద ఫైల్ పంపాలంటే మొదటి పద్ధతే కరెక్ట్. 10 ఎంబీ ఆడియోకి బ్లూటూత్‌లో నిమిషం దాకా పడితే, వైఫై డైరెక్ట్‌లో కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఈ వైఫై డైరెక్ట్ 2010లో వచ్చింది, ఆండ్రాయిడ్ 4.0 నుంచి మన ఫోన్లలో ఉంది. క్విక్ షేర్ కూడా ముందు బ్లూటూత్‌తో పక్క ఫోన్‌ని కనిపెట్టి, ఫైల్‌ని వైఫై మీద పంపుతుంది.

ప్రాణహిత అవతల జరిగిన అసలైన ప్రయోగం: బుల్టూ రేడియో

లోకల్ నెట్‌వర్కింగ్ అంటే హాంకాంగ్, కాలిఫోర్నియా కథలే చెప్తారు. మనకి దగ్గర్లోనే అంతకంటే పనికొచ్చే ఉదాహరణ ఉంది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి, ఆ తర్వాత బస్తర్. మన జిల్లాలో లాగే అక్కడా గోండి మాట్లాడే పల్లెలు చాలా ఉన్నాయి.

బీబీసీలో పనిచేసిన జర్నలిస్ట్ శుభ్రాంశు చౌదరి, ఆయన టీమ్ 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. ఒక నంబర్‌కి ఫోన్ చేసి తమ ఊరి సమస్య, వార్త, పాట ఏదైనా సొంత భాషలో రికార్డ్ చేయొచ్చు. ఇంకొకరు ఫోన్ చేసి వినొచ్చు. కానీ కాల్ చేయడానికి కూడా సిగ్నల్ కావాలి కదా. సిగ్నలే లేని పల్లెల సంగతేంటి?

దానికి సమాధానంగా వచ్చిందే బుల్టూ రేడియో. బ్లూటూత్‌ని అక్కడి జనం పలికే తీరే "బుల్టూ". జనం పంపిన రికార్డింగ్‌లను సరిచూసి, ఒక ఆడియో ప్రోగ్రామ్‌గా కూర్చుతారు. నెట్ ఉన్న పంచాయతీ దగ్గర ఒకరు దాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటారు. అక్కడి నుంచి బ్లూటూత్‌లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంది. డేటా ఖర్చు సున్నా.

ఇందులో టెక్నాలజీ పరంగా కొత్తది ఏమీ లేదు. మెమరీ కార్డు, బ్లూటూత్, నడిచే మనిషి. మనం పైన చెప్పుకున్న మూడో పద్ధతి ఇదే. కానీ ఇందులో రెండు తెలివైన నిర్ణయాలున్నాయి. ఒకటి, టెక్స్ట్ కాకుండా గొంతు వాడటం. గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లోనే. చదవడం రాకపోయినా, ఫోన్‌లో లిపి లేకపోయినా గొంతు అర్థమవుతుంది. రెండోది, ప్రోగ్రామ్ బయటకి పోయే ముందు ఒకరు విని సరిచూడటం. ఈ రెండో పాయింట్ దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇలా మోసుకెళ్లే ఐడియా ఇంకా పాతది. 2000ల మొదట్లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ల డాక్‌నెట్‌ని కర్ణాటక పల్లెల్లో పరీక్షించారు. బస్సుకి వైఫై పెట్టె బిగించారు. బస్సు ఊరి కియోస్క్ పక్కన ఆగినప్పుడు అక్కడి డేటా తీసుకుని, టౌన్‌కి వచ్చాక నెట్‌లోకి ఎక్కించేది. కాగజ్‌నగర్ బస్టాండ్ నుంచి పల్లెలకి పోయే బస్సుల్ని ఒకసారి ఊహించుకోండి. ప్రతి ట్రిప్పూ ఒక డేటా ప్యాకెట్టే!

యాప్‌ల సంగతి: ఏది ఎక్కడ నిలబడింది?

ఫైర్‌చాట్: 2014లో వచ్చింది. ఆపిల్ ఐఓఎస్ 7లో ఇచ్చిన మల్టీపీర్ సదుపాయం మీద కట్టారు. ఆ ఏడాది ఇరాక్‌లో, తర్వాత హాంకాంగ్ నిరసనల్లో బాగా వాడారు. మొదట్లో అందులో అన్నీ పబ్లిక్ మెసేజ్‌లే. ఇప్పుడు యాప్ లేదు.

బ్రిడ్జ్‌ఫై: 2019లో హాంకాంగ్‌లో, అదే ఏడాది డిసెంబర్‌లో మన దేశంలో షట్‌డౌన్‌ల సమయంలో డౌన్‌లోడ్‌లు పెరిగాయి. 2020 ఆగస్టులో లండన్ రాయల్ హాలోవే పరిశోధకులు దాని గుట్టు విప్పారు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకోవచ్చు, ఇంకొకరి పేరుతో మెసేజ్ పెట్టొచ్చు, ఒకే ఒక్క తప్పుడు మెసేజ్‌తో నెట్‌వర్క్‌నే పడగొట్టొచ్చు అని చూపించారు. తర్వాత కంపెనీ సిగ్నల్ ప్రోటోకాల్‌కి మారింది. 2022లో పరిశోధకులు మళ్లీ లోపాలు బయటపెట్టారు.

బ్రయర్: ఆండ్రాయిడ్ యాప్, ఓపెన్ సోర్స్. బ్లూటూత్, వైఫై, నెట్ ఉంటే టోర్ మీద నడుస్తుంది. ఫోన్ నంబర్ అడగదు. ఫోరమ్, బ్లాగ్ లాంటివి కూడా ఉండటంతో నిజంగా సోషల్ నెట్‌వర్క్‌లా అనిపించేది ఇదే. కానీ గుర్తుంచుకోండి, 2023 మేలో కేంద్రం బ్లాక్ చేసిన 14 మెసేజింగ్ యాప్‌లలో బ్రయర్ కూడా ఉంది. కాబట్టి దీని గురించి నేర్చుకోండి కానీ ఇన్‌స్టాల్ చేయమని మేము సజెస్ట్ చేయం.

బిట్‌చాట్: ట్విట్టర్ కో ఫౌండర్ జాక్ డోర్సీ 2025 జులైలో బయటపెట్టారు. అకౌంట్ లేదు, నంబర్ లేదు, సర్వర్ లేదు. పేరు పెట్టుకుని చాట్ మొదలుపెట్టడమే. ఐఓఎస్, ఆండ్రాయిడ్ రెండింటికీ ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నేపాల్ గొడవల సమయంలో అక్కడ డౌన్‌లోడ్‌లు ఒక్కసారిగా పెరిగాయి. కానీ మొదట్లోనే "దీనికి బయటి నిపుణుల సెక్యూరిటీ రివ్యూ జరగలేదు, సీక్రెట్ విషయాలకు నమ్ముకోవద్దు" అని తయారుచేసిన వాళ్లే హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది.

ఈ లిస్టులో ఒక ప్యాటర్న్ కనిపిస్తుంది. గొడవ వచ్చిన రోజు డౌన్‌లోడ్‌లు పెరగడం, తర్వాత లోపాలు బయటపడటం. "సర్వర్ లేదు" అంటే "సేఫ్" అని అర్థం కాదు. ఈ రెండు మాటల్నీ వేరువేరుగా చూడటం అలవాటు చేసుకోండి.

చిన్న ఊళ్లో ప్రైవసీ

సిటీలో "30 మీటర్ల లోపు ఒకరున్నారు" అంటే ఎవరో తెలియదు. మన దగ్గర అలా కాదు. వీధిలో ఎవరి ఇల్లు ఏదో అందరికీ తెలుసు. ఒక అమ్మాయి యాప్ ఓపెన్ చేయగానే ఆమె పేరు పక్కవాళ్ల స్క్రీన్ మీద కనిపిస్తే, ఆమె ఇప్పుడు ఇంట్లో ఉందా, ట్యూషన్‌లో ఉందా అని కూడా తెలిసిపోతుంది. ఎయిర్‌డ్రాప్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు చెత్త ఫోటోలు పంపడం చాలా దేశాల్లో సమస్య అయింది. ఇప్పుడు ఐఫోన్‌లో "ఎవరైనా పంపొచ్చు" అనే ఆప్షన్ 10 నిమిషాలకే ఆగిపోతుంది.

అందుకని మూడు పనులు చేయండి. అసలు పేరు కాకుండా నిక్‌నేమ్ పెట్టుకోండి. క్విక్ షేర్‌లో "కాంటాక్ట్స్" మాత్రమే అని సెట్ చేయండి. పని అయిపోగానే యాప్ ఆపేయండి.

పుకారుకి కూడా టవర్ అక్కర్లేదు

ఇక సరిచూడటం గురించి. వాట్సాప్‌లో "చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు" అని గుర్తు వస్తుంది. తప్పుడు పోస్టుని ఫేస్‌బుక్‌లో తీసేయొచ్చు. మెష్‌లో అలాంటిదేమీ లేదు. ఒకసారి గాలిలోకి పోయిన మెసేజ్‌ని వెనక్కి పిలిచే సర్వరే లేదు. పైగా షట్‌డౌన్ పెట్టేది జనం భయంలో ఉన్నప్పుడు. నిజం చెక్ చేసుకునే దారి మూసుకుపోయి, పుకారు పోయే దారి మాత్రం తెరిచి ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

బుల్టూ రేడియోలో మధ్యలో విని సరిచూసే మనిషి ఉన్నాడు. మెష్‌లో ఆ మనిషి మీరే. "నేను క్షేమం", "ఇక్కడ ఉన్నాను", "మందులు కావాలి" లాంటివి పంపండి. "అక్కడ అలా జరిగిందంట" అని ఉన్నదాన్ని మీ దగ్గరే ఆపేయండి. అధికారులు ఆంక్షలు పెట్టిన చోట వాటిని పాటించండి.

మీరే టెస్ట్ చేయండి: నలుగురు, నాలుగు ఫోన్లు, ఒక గ్రౌండ్

1. అందరూ నెట్ ఉన్నప్పుడే ఒకే మెష్ యాప్ వేసుకోండి. ఫ్లైట్ మోడ్ పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేయండి.
2. ఇద్దరు ఎదురెదురుగా నడుస్తూ దూరం జరగండి. మెసేజ్ ఎక్కడ ఆగిందో అడుగులతో కొలవండి. ఇదే మీ ఫోన్ల అసలు రేంజ్.
3. అదే ఫోన్‌ని జేబులో పెట్టుకుని మళ్లీ కొలవండి. తేడా మీకే తెలుస్తుంది.
4. ఇప్పుడు ఆ దూరానికి కొంచెం తక్కువలో నలుగురూ వరసగా నిలబడండి. మొదటివాళ్లు నాలుగోవాళ్లకి మెసేజ్ పెట్టండి. వచ్చిందా? అది మూడు హాప్‌లు.
5. రెండోవాళ్లు బ్లూటూత్ ఆపేయండి. గొలుసు తెగిందా లేదా చూడండి.
6. స్క్రీన్ ఆఫ్ చేసి 10 నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి.

ఆరో స్టెప్‌లో చాలా ఫోన్లు ఫెయిల్ అవుతాయి. కారణం యాప్ కాదు, బ్యాటరీ సేవింగ్. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లలో సెట్టింగ్స్‌కి వెళ్లి ఆ యాప్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ రిస్ట్రిక్షన్ తీసేయాలి. ఐఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ బ్లూటూత్‌కి ఆపిల్ పెట్టిన పరిమితులు ఉంటాయి, వాటిని మనం మార్చలేం. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ స్కానింగ్‌కి లొకేషన్ పర్మిషన్ కావాలి. 12 నుంచి "నియర్‌బై డివైసెస్" అనే వేరే పర్మిషన్ వచ్చింది. కాబట్టి కొత్త ఫోన్‌లో మెష్ యాప్ లొకేషన్ అడిగితే ఎందుకో చదివాకే ఓకే నొక్కండి.

కిలోమీటర్లు కావాలంటే?

ఫోన్‌లోని బ్లూటూత్‌తో అవ్వదు. దానికి లోరా రేడియో ఉన్న చిన్న బోర్డు కావాలి. మెష్టాస్టిక్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇలాంటి బోర్డుల మీద నడుస్తుంది. ఫోన్ బ్లూటూత్‌తో బోర్డుకి కనెక్ట్ అవుతుంది, బోర్డు ఇంకో బోర్డుతో మాట్లాడుతుంది. ఎత్తు నుంచి, అడ్డం లేకపోతే కొన్ని కిలోమీటర్లు పోతుంది. దట్టమైన అడవిలో బాగా తగ్గుతుంది. టెక్స్ట్ మాత్రమే. మన దేశంలో 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని లైసెన్స్ లేకుండా వాడొచ్చు, కానీ పరికరానికి అనుమతి ఉండాలి. రీజియన్ సెట్టింగ్‌లో ఇండియా ఎంచుకోవడం మర్చిపోకండి. విదేశీ ఫ్రీక్వెన్సీ బోర్డు కొంటే డబ్బు దండగ.

మా మాట

ఫైల్స్ కోసం అయితే క్విక్ షేర్ చాలు, ఇప్పుడే మీ ఫోన్‌లో ఉంది. జాతర, కాలేజీ ఫెస్ట్, ట్రెక్కింగ్ గ్రూప్ లాంటి వాటికి మెష్ యాప్ ముందే వేసుకుని ఒకసారి టెస్ట్ చేసి పెట్టుకోండి. సిగ్నల్ లేని పల్లెకి సమాచారం చేరాలంటే మాత్రం మెష్ కంటే బుల్టూ పద్ధతే గట్టిది, ఎందుకంటే అక్కడ దూరాన్ని దాటేది రేడియో కాదు, మనిషి.

ఒక్క విషయంలో మాత్రం రిస్క్ తీసుకోవద్దు. ఆపద వస్తే మొదట 112కి కాల్ చేయండి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, ఆ చోట వేరే కంపెనీ టవర్ అందితే ఎమర్జెన్సీ కాల్ దాని మీద వెళ్లే వీలుంటుంది. మెష్ మెసేజ్ అందిందో లేదో గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. అడవిలోకి పోయేటప్పుడు ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

మీ గ్రౌండ్‌లో టెస్ట్ చేస్తే ఫోన్ మోడల్, జేబులో రేంజ్, చేతిలో రేంజ్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నెట్ లేని రోజున స్పెక్ షీట్ కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.